రైతు ఫోనుకు ఒకటి, గుమాస్తా తెరకు ఒకటి: జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎంపిక

మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి శీతల గిడ్డంగులకు మీ ముగ్గురు కలిసి సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. ఇప్పుడున్నది సర్వర్ మీద పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ, దాని మీద బ్రౌజర్‌లో నడిచే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ జేక్వెరీ. గిడ్డంగి కార్యాలయంలో గుమాస్తా పొద్దుటి నుంచి రాత్రి దాకా సరుకు రాకపోకలు నమోదు చేస్తాడు. రైతులు తమ ఫోనులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) నిల్వ ఉన్నాయో, అద్దె ఎంతయిందో చూసుకుంటారు. దీన్నంతటినీ కొత్తగా రాయాలనుకుంటున్నారు. తెరను కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీలైన రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్, స్వెల్ట్‌లలో ఏది వేగం, ఏది పదేళ్లు నిలుస్తుంది అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రైతు చూసే పేజీలకు వీటిలో ఏదీ వద్దు. గుమాస్తా తెరకు వ్యూ తీసుకోండి. మీలో ఒకరికి రియాక్ట్ బాగా వచ్చి ఉంటే రియాక్ట్ తీసుకున్నా నష్టం లేదు, కాని సర్వర్ పని కూడా దానికే అప్పగించే ఫ్రేమ్‌వర్కుల జోలికి వెళ్లకండి. యాంగ్యులర్ ముగ్గురికి బరువు. స్వెల్ట్ నాకు ఇష్టమే అయినా మీకు చెప్పను. అంతా ఒకేసారి కొత్తగా రాసే ఆలోచన మాత్రం ఈరోజే మానుకోండి.

"ఏది వేగం" అన్నదాన్ని త్వరగా తేల్చేద్దాం. మీరు చూసి ఉండే పోలిక పట్టికల్లో వెయ్యి వరుసలు ఒక్కసారిగా సృష్టించడం, పది వేల వరుసలు సృష్టించడం, రెండు వరుసల స్థానాలు మార్చడం వంటి పరీక్షలు ఉంటాయి. వాటిలో సాలిడ్ (ఇలాంటిదే మరో లైబ్రరీ), స్వెల్ట్ ముందుంటాయి, రియాక్ట్ వెనకబడుతుంది. నిజమే. కాని మీ గుమాస్తా తెర మీద ఒక్కసారి కనిపించేవి నలభై యాభై వరుసలు. అక్కడ ఈ లైబ్రరీల మధ్య తేడా మనిషి కంటికి ఆనదు. మీ తెర నెమ్మదిగా ఉందంటే తొంభై పాళ్లు డేటాబేస్ ప్రశ్న నెమ్మదిగా ఉన్నట్టు, లేదా ఒక్కో అక్షరం కొట్టినప్పుడల్లా సర్వర్‌ను అడుగుతున్నట్టు. ఆ రోగానికి లైబ్రరీ మార్పు మందు కాదు.

"ఏది పదేళ్లు నిలుస్తుంది" అన్నది అసలు ప్రశ్న, కాకపోతే దాన్ని తిరగేసి అడగాలి. ఏ లైబ్రరీ అయినా ఏదో ఒకరోజు మీరు వదిలేయవలసిందే, లేదా అదే మారిపోయి మిమ్మల్ని వదిలేస్తుంది. ఆ రోజున మీ కోడులో ఎంత భాగం మీకు మిగులుతుంది? నేను లైబ్రరీని చూసేటప్పుడు మొదట చూసేది అది. తేవడం అన్నింటికీ సులువే. ఒక్క ఆదేశంతో వచ్చేస్తుంది. తీసేయడంలోనే తేడాలన్నీ బయటపడతాయి.

ఈ రంగంలో జరిగిన వాటినే చూడండి. గూగుల్ నుంచి 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌తో ఎన్నో కంపెనీలు పెద్ద పెద్ద వ్యవస్థలు కట్టుకున్నాయి. 2014 అక్టోబరులో దాని తర్వాతి వర్షన్ పూర్తిగా వేరుగా ఉంటుందని, తెరను నడిపే కోడు రాసుకునే కంట్రోలర్లూ, విలువలు పెట్టుకునే స్కోపులూ ఉండవని ఆ బృందం ప్రకటించింది. కొత్తది 2016 సెప్టెంబరులో వచ్చింది. పేరు ఒకటే, లోపల మరో లైబ్రరీ. పాతదానికి మద్దతు 2021 డిసెంబరు 31తో ఆగిపోయింది. రెండింటినీ పక్కపక్కన నడిపే ఏర్పాటు ఇచ్చారు గానీ, వ్యాపార నియమాలను కంట్రోలర్లలో, స్కోపుల్లో కలిపేసి రాసుకున్నవాళ్లకు అది పెద్దగా అక్కరకు రాలేదు. లెక్కలను మామూలు జావాస్క్రిప్ట్ ఫైళ్లలో వేరుగా ఉంచుకున్నవాళ్లు మాత్రం పై పొర మార్చుకుని బయటపడ్డారు.

నేను మెచ్చుకుంటున్న వ్యూ కూడా ఈ పాపం చేసింది. మూడో వర్షన్ 2020 సెప్టెంబరులో వచ్చింది. ఫిల్టర్లు తీసేశారు, కాంపోనెంట్లలో (తెరను కట్టే విడి భాగాల్లో) వి-మోడల్ (పెట్టెలో కొట్టినదాన్ని విలువతో కలిపే లంకె) పనిచేసే తీరు మార్చారు, ఎక్కడి నుంచైనా ఈవెంట్లు వినడానికి అందరూ వాడుకునే పద్ధతిని తొలగించారు. వీటిని ఓపికగా సరిచేసుకోవచ్చు. అసలు ఇబ్బంది దాని మీద ఆధారపడ్డ వాటితో వచ్చింది. బటన్లు, పట్టికలు, తేదీ పెట్టెలు ఇచ్చే వ్యూటిఫై మూడో వ్యూకు సరిపడే స్థిరమైన వర్షన్‌తో వచ్చేసరికి 2022 చివరి నెలలు వచ్చేశాయి. అప్పటిదాకా దాన్ని నమ్ముకున్నవాళ్లు కదలడానికి లేదు. ఆ తర్వాత ఏడాదికే, అంటే 2023 డిసెంబరు 31న, రెండో వ్యూకు మద్దతు ముగిసింది.

ఈ విషయంలో రియాక్ట్‌ను మెచ్చుకోవాలి. ఫేస్‌బుక్ దాన్ని 2013లో బయటపెట్టింది. 2019లో హుక్స్ అనే కొత్త రాత పద్ధతి వచ్చాక అందరూ క్లాస్ కాంపోనెంట్లను పాతకాలపువి అనడం మొదలుపెట్టారు, కాని అవి పంతొమ్మిదో వర్షన్‌లోనూ నడుస్తున్నాయి. అసలు లైబ్రరీ నిలకడగానే ఉంది. మారేదల్లా దాని చుట్టూ ఉన్నది. పేజీల మధ్య దారి చూపే రియాక్ట్ రౌటర్ ఆరో వర్షన్ 2021 నవంబరులో వచ్చి ఐదోదాని పద్ధతులను పక్కన పెట్టింది. పరీక్షలకు వాడే ఎంజైమ్, కొత్త రియాక్ట్ వర్షన్లకు అధికారిక మద్దతు లేక ఆగిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో ఇక వాడవద్దన్నారు. అందుకే "రియాక్ట్ తీసుకున్నాం" అని ఎవరైనా అంటే, దానితో పాటు ఇంకేమేమి తీసుకున్నారని నేను అడుగుతాను. రియాక్ట్ ఒక్కటే అయితే పరవాలేదు. దానితో ఇరవై ప్యాకేజీలు (ఇతరులు రాసి పెట్టిన కోడు మూటలు) వచ్చాయంటే, మీరు ఆధారపడింది ఆ ఇరవై మంది రచయితల ఓపిక మీద.

ఇక మీ జేక్వెరీ సంగతి. దాన్ని చూసి సిగ్గుపడవలసిన పని లేదు. 2006లో అది వచ్చినప్పుడు ఒక్కో బ్రౌజర్ ఒక్కో రకంగా ప్రవర్తించేది. ఆ తేడాలను కప్పిపెట్టడమే దాని ప్రధాన ప్రయోజనం. ఇప్పుడు ఆ అవసరం దాదాపు తీరిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 కూడా 2022 జూన్‌లో సెలవు తీసుకుంది. మూలకాలను వెతకడం, సర్వర్‌ను అడగడం, క్లాసులు మార్చడం అన్నీ బ్రౌజర్‌లోనే ఉన్నాయి. పేజీలకు రూపం ఇచ్చే బూట్‌స్ట్రాప్ 2021లో ఐదో వర్షన్‌తో జేక్వెరీని వదిలేసింది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు 2022లో తీసేసింది. అయితే వాళ్లు తీశారని మీరూ తీయనక్కర్లేదు. పనిచేస్తున్న పేజీలో జేక్వెరీ ఉంటే ఉండనివ్వండి. కొత్త పేజీలో వాడకండి, అంతే.

మీ తెర పాడైపోవడానికి కారణం జేక్వెరీ అనుకుంటున్నారు గానీ, కారణం మరొకటి. మీరు పంపిన నమూనా కోడులోనే అది కనిపిస్తోంది. సరుకు నమోదు తెర మీద మొత్తం టిక్కీల సంఖ్య ఒక మూలకంలో (పేజీలోని ఒక ముక్కలో) ఉంది. కొత్త వరుస చేర్చగానే మీ కోడు ఆ మూలకంలోని అక్షరాలను చదివి, సంఖ్యగా మార్చి, కొత్తది కలిపి, తిరిగి అందులోనే రాస్తోంది. అంటే సంఖ్యకు చోటు తెరే. అదే సంఖ్య పక్కన ఛాంబరులో (గిడ్డంగిలోని ఒక శీతల గదిలో) మిగిలిన ఖాళీగా, కింద అద్దెగా, రసీదు నమూనాలో మొత్తంగా మరో మూడు చోట్ల కనిపిస్తుంది. వరుస చేర్చినప్పుడు నాలుగు చోట్లా మార్చారు. వరుస తొలగించినప్పుడు మూడే మార్చారు. గుమాస్తా తప్పుగా కొట్టి సరిచేసుకున్న రోజున రసీదులో ఒక లెక్క, ఛాంబరులో ఒక లెక్క తేలుతుంది. ఆ రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగినవాళ్లు మీ కోడులో ఎవరూ లేరు.

రియాక్ట్, వ్యూ, స్వెల్ట్, సాలిడ్ అన్నీ పరిష్కరించేది ఈ ఒక్క సమస్యనే. విలువలన్నీ ఒక చోట ఉంటాయి, దాన్ని స్టేట్ అంటారు. తెర ఆ విలువల నుంచి తయారవుతుంది, తెర నుంచి విలువను తిరిగి చదవడం ఉండదు. వరుసల జాబితా ఒక్కటే మీరు మారుస్తారు. మొత్తం, ఖాళీ, అద్దె, రసీదు దాని నుంచి లెక్క కట్టినవి. చేర్చినా, తీసినా, సవరించినా నాలుగూ ఒకేలా మారతాయి. మీ గుమాస్తా తెరకు లైబ్రరీ అవసరం ఇక్కడుంది. ఒక విలువ మారితే చాలా చోట్ల మారాలి, అది రోజుకు వందసార్లు జరగాలి. ఈ లక్షణం లేని పేజీకి ఫ్రేమ్‌వర్కు తేవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

రైతు పేజీలో ఈ లక్షణం లేదు. రైతు వస్తాడు, తన పేరు మీద ఉన్న నిల్వ చూస్తాడు, అద్దె చూస్తాడు, పాత రసీదు తెరుస్తాడు. అంతా చదువుకోవడమే. దాన్ని పీహెచ్‌పీ నుంచే పూర్తి హెచ్‌టీఎంఎల్‌గా పంపండి. ఎక్కడైనా పేజీ మొత్తం కదలకుండా ఒక ముక్క మారాలనుకుంటే హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీ పెట్టుకోండి. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్ ముక్కను తెచ్చి చెప్పిన చోట అతికిస్తుంది, కుదించాక పదిహేను కేబీ అటూ ఇటూ ఉంటుంది. ఒక జాబితాను విప్పడం, మూయడం వరకే అయితే ఆల్పైన్ అనే మరో చిన్న లైబ్రరీ చాలు, లేదా నాలుగు వరుసల మామూలు జావాస్క్రిప్ట్ చాలు. రేపు వీటిని తీసేసినా మీ హెచ్‌టీఎంఎల్ మీ దగ్గరే ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "ఇప్పుడు అందరికీ ఫోర్‌జీ ఉంది కదా, నలభై యాభై కేబీ ఒక లెక్కా" అంటారు. దించుకోవడం ఒక్కటే అయితే లెక్క కాదు. వంద కేబీ బొమ్మకూ వంద కేబీ జావాస్క్రిప్ట్‌కూ చాలా తేడా ఉంది. బొమ్మ వచ్చాక దాన్ని విప్పి చూపిస్తే పని అయిపోతుంది. జావాస్క్రిప్ట్‌ను కుదింపు విప్పాలి, చదవాలి, యంత్రానికి అర్థమయ్యేలా మార్చాలి, నడపాలి. అది నడుస్తున్నంతసేపూ వేలు తాకినా పేజీ పలకదు. మీ లాప్‌టాప్ దాన్ని కన్ను మూసి తెరిచేలోగా చేసేస్తుంది, తక్కువ ధర ఫోనులోని ప్రాసెసర్ అలా చేయలేదు. తాకిన తర్వాత పేజీ స్పందించడానికి పట్టే సమయాన్ని గూగుల్ 2024 మార్చి నుంచి తన ప్రధాన కొలమానాల్లో చేర్చింది. 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని దాని లెక్క. నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థే 2017లో తన మొదటి పేజీ నుంచి బ్రౌజర్ వైపు రియాక్ట్‌ను తీసేసి మామూలు జావాస్క్రిప్ట్‌తో సరిపెట్టుకుంది. సర్వర్ వైపు మాత్రం రియాక్ట్‌నే ఉంచుకుంది. ఆ పేజీలో ఏమి అవసరమో చూసుకుని చేసిన పని అది.

మీ కార్యాలయంలో ఒక తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోను కొని పెట్టుకోండి. క్రోమ్‌లో ప్రాసెసర్‌ను నెమ్మదింపజేసే అమరిక ఉంది, అది అంచనాకు పనికొస్తుంది గానీ అసలు ఫోనుకు సాటి రాదు. యూఎస్‌బీ తీగతో ఆ ఫోనును కలిపి, లాప్‌టాప్ నుంచే దాని పనితీరు నమోదు చేసి చూడవచ్చు. ఆ పని చేసినప్పుడు ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మీ పేజీలో అన్నింటికన్నా బరువైనది బహుశా జావాస్క్రిప్ట్ కాదు, తెలుగు ఫాంటు. ఒత్తులూ గుణింతాల కలయికలకు విడివిడి రూపాలు పెట్టుకోవాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైళ్లు ఇంగ్లీషు వాటికన్నా పెద్దవి. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. రైతుకు టిక్కీల సంఖ్య కనిపించడానికి మీకు నచ్చిన అక్షరాల సొగసు అవసరమా అని ఆలోచించండి.

తెలుగు మాట వచ్చింది కాబట్టి, విదేశీ పోలిక వ్యాసాల్లో ఎక్కడా కనిపించని విషయం ఒకటి. వ్యూలో పెట్టెకూ విలువకూ లంకె వేసే వి-మోడల్, కీబోర్డు ఒక పదాన్ని ఇంకా కూర్చుతున్నప్పుడు విలువను మార్చదు. చైనీస్, జపనీస్ వంటి భాషల కోసం కావాలనే అలా చేశారు, దాని పత్రాల్లోనే రాశారు. ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలావరకు ప్రతి పదాన్నీ కింద గీత గీసి కూర్చుతూనే ఉంటాయి. ఫలితం ఏమిటంటే, రైతు పేరు వెతికే పెట్టెలో ఫోను నుంచి "వెంకట" అని కొడుతుంటే జాబితా కదలదు, ఖాళీ నొక్కాకే ఒక్కసారిగా మారుతుంది. లాప్‌టాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో పరీక్షించేవాళ్లకు ఈ లోపం ఎప్పటికీ కనబడదు. పరిష్కారం చిన్నదే. వెతికే పెట్టెల వరకు వి-మోడల్ వద్దు. విలువను విడిగా కట్టి, ఇన్‌పుట్ ఈవెంట్‌ను విడిగా వినండి. ఏ కాంపోనెంట్ లైబ్రరీ తెచ్చుకున్నా, అందులోని వెతుకుడు పెట్టెను ఫోనులో తెలుగు కీబోర్డుతో పరీక్షించకుండా ఒప్పుకోకండి. రియాక్ట్‌లోనూ అదే పరీక్ష చేయాలి. అక్కడ ప్రతి మార్పుకూ విలువను దిద్ది తిరిగి పెట్టెలో రాసే కోడు ఉంటే, కూర్చుతున్న అక్షరం మధ్యలో చెదిరే అవకాశం ఉంది.

అక్షరాల లెక్క కూడా అంతే. "శ్రీలక్ష్మి" అన్న పేరు కంటికి మూడు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ను పొడవు అడిగితే పదకొండు అంటుంది, ఎందుకంటే ప్రతి హల్లునూ ప్రతి పొల్లునూ ప్రతి గుణింతాన్నీ విడిగా లెక్కపెడుతుంది. పేరుకు ఇరవై అక్షరాల హద్దు పెట్టి ఊరుకుంటే ఇంటిపేరుతో కలిపి రాసేసరికి చోటు చాలదు. పొడుగు పేర్లను కత్తిరించి మూడు చుక్కలు పెట్టే కోడు "లక్ష్మి"ని మధ్యలో తెంచి పొల్లుతో వేలాడదీస్తుంది. దీనికి లైబ్రరీ వెతకకండి. అక్షరాలను సరిగా విడదీసే సెగ్మెంటర్ బ్రౌజర్‌లోనే ఉంది. వీలైన చోట కత్తిరించే పని, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌కు వదిలేయడం ఇంకా మేలు.

అలాగే అద్దె మొత్తాలను 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెట్టి చూపడానికి కూడా ప్యాకేజీ అక్కర్లేదు. సంఖ్యలను చూపే సదుపాయానికి భారతదేశ అమరిక చెబితే లక్షలు, కోట్ల చొప్పున అదే విడదీస్తుంది. తేదీలకు మీరు మొమెంట్ వాడుతున్నారని చూశాను. దాని రచయితలే 2020లో ఇక కొత్త పని చేయబోమని, కొత్త ప్రాజెక్టులకు దాన్ని ఎంచుకోవద్దని చెప్పారు. మీకు కావలసినవి "తెచ్చిన తేదీ", "తీసుకెళ్లిన తేదీ", మధ్య రోజులు. మామూలు తేదీ వస్తువుతోనే అయిపోతుంది. మరీ కావాలంటే డే జేఎస్ చిన్నది.

ఇప్పుడు వ్యూ ఎందుకో చెప్తాను. మీ దగ్గర పీహెచ్‌పీ పేజీలు నడుస్తున్నాయి. వాటిలో ఒక్క పెట్టెను మాత్రం వ్యూకు అప్పగించి, మిగతా పేజీని ముట్టుకోకుండా ఉంచవచ్చు. బిల్డ్ ఏర్పాటు (రాసిన కోడును బ్రౌజర్‌కు పంపేందుకు సిద్ధం చేసేది) కూడా లేకుండా మొదలుపెట్టి, అవసరమయ్యాక దానికి వీట్ (Vite) అనే పరికరం పెట్టుకోవచ్చు. హెచ్‌టీఎంఎల్ రాయడం వచ్చినవాళ్లు దాని టెంప్లేటును మొదటి రోజే చదవగలరు. ఇది నా ఒక్కడి ముచ్చట కాదు. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ ముందు కూడా మీలాంటి సమస్యే ఉండేది. పీహెచ్‌పీతో తయారయ్యే పేజీలు, ఏళ్ల తరబడి పేరుకున్న జేక్వెరీ కోడు, నెమ్మది ఫోన్లతో వచ్చే పాఠకులు. 2020లో వాళ్లు వ్యూను ఎంచుకున్నారు. వ్యాసం పేజీలను వ్యూలో తిరగరాయలేదు, అవి ఇప్పటికీ సర్వర్ నుంచే వస్తాయి. కొత్త రూపంలో పైన కనిపించే వెతుకుడు పెట్టెను మొదట మార్చారు. తెలుగు వికీపీడియాలో మీరు వ్యాసం పేరు వెతికేటప్పుడు పనిచేసేది అదే.

రియాక్ట్‌కు మీ విషయంలో ఉన్న ఒకే ఒక్క గట్టి కారణం ఉద్యోగులు. హైదరాబాద్‌లో ప్రకటన ఇస్తే రియాక్ట్ నేర్చుకున్నవాళ్లే ఎక్కువగా వస్తారు. కాని నేను వాళ్లను లైబ్రరీ గురించి అడగను. ఒక పాత జావాస్క్రిప్ట్ ఫైలు ఇచ్చి అందులో తప్పు కనిపెట్టమంటాను. అది చేయగలిగినవాళ్లకు వ్యూ నేర్పడం వారం రెండు వారాల పని. అది చేయలేనివాళ్లకు రియాక్ట్ వచ్చినా మీకు ఒరిగేదేమీ లేదు.

రియాక్ట్ తీసుకున్నారే అనుకుందాం. దాని పత్రాలు చదవగానే నెక్స్ట్ జేఎస్ వంటి పూర్తి ఫ్రేమ్‌వర్కు పెట్టుకోమంటాయి. మీకు సర్వర్ ఉంది, అది పీహెచ్‌పీ. రెండో సర్వర్ తెచ్చుకుంటే దాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి. 2025 డిసెంబరులో రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలో అత్యంత తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. బయటివాళ్లు లాగిన్ అయినా కాకుండానే సర్వర్‌లో తమ కోడు నడపగలిగేంతటిది. నెక్స్ట్ జేఎస్ వాడేవాళ్లు చాలామంది హడావుడిగా మార్పులు చేసుకోవలసి వచ్చింది. బ్రౌజర్‌లో మాత్రమే రియాక్ట్ నడుపుకునేవాళ్లకు ఆ బెడద తగల్లేదు. వీట్‌తో రియాక్ట్ పెట్టుకుని, సర్వర్ పని పీహెచ్‌పీకే వదిలేయండి.

యాంగ్యులర్ గురించి రెండు మాటలు. అది చెడ్డది కాదు. వంద మంది ఒకే కోడు మీద పనిచేసే బ్యాంకు వంటి చోట, అందరూ ఒకే పద్ధతిలో రాయాల్సిన చోట అది బాగా కుదురుతుంది. కాని ఆరు నెలలకొక పెద్ద వర్షన్ వస్తుంది, ఒక్కోదానికి పద్దెనిమిది నెలల మద్దతు. వర్షన్ మార్పుకు వాళ్లిచ్చే పరికరం మంచిదే అయినా ఆ పనికి ఎవరో ఒకరు కూర్చోవాలి. మిర్చి సీజనులో మీ ముగ్గురిలో ఆ ఒక్కరు ఎవరు? స్వెల్ట్ రాయడానికి హాయిగా ఉంటుంది, పంపే కోడు కూడా చిన్నది. అయితే 2024 అక్టోబరులో ఐదో వర్షన్‌తో విలువలు ప్రకటించే పద్ధతినే మార్చేసింది. పాత రాత ఇంకా నడుస్తుంది, కాని వెతికితే దొరికే సలహాల్లో సగం పాత పద్ధతివి. అనుభవం ఉన్నవాళ్లు తేడా పట్టేస్తారు, కొత్తగా చేరినవాళ్లు తికమకపడతారు.

ఏది తెచ్చుకున్నా, గిట్‌హబ్‌లో నక్షత్రాలు లెక్కపెట్టకండి. మార్పుల జాబితా తెరిచి చూడండి. గత రెండు మూడేళ్లలో పాత కోడును విరగ్గొట్టిన మార్పులు ఎన్ని, వాటికి ముందుగా హెచ్చరిక ఇచ్చారా, దారి చూపించారా అన్నది అక్కడ తెలుస్తుంది. లైసెన్సు చదవండి. రియాక్ట్‌కు ఒకప్పుడు పేటెంట్లకు సంబంధించిన ప్రత్యేక షరతు ఉండేది. 2017లో అపాచీ సంస్థ దాన్ని తమ ప్రాజెక్టుల్లో వాడవద్దంది, వర్డ్‌ప్రెస్ కూడా వదిలేస్తామని ప్రకటించింది. ఆ తర్వాతే ఫేస్‌బుక్ ఎంఐటీ లైసెన్సుకు మారింది. మీరు కోరిన ఒక్క ప్యాకేజీ వెనక ఎన్ని వస్తున్నాయో కూడా చూడండి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని రచయిత తీసేస్తే ప్రపంచమంతటా బిల్డులు ఆగిపోయాయి. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ వంటి అందరూ వాడే ప్యాకేజీల్లోకి దొంగ కోడు చొరబడింది. ఏ ప్యాకేజీ ఏ వర్షన్ వాడుతున్నారో రాసి ఉండే లాక్ ఫైలును కోడుతో పాటు భద్రపరచండి, సర్వర్ మీద దాని ప్రకారమే దించుకోండి, కొత్త వర్షన్ వచ్చిన రోజే ఎగబడకండి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. సరుకు నమోదు తెర ఒక్కటే ఒకరు వ్యూలో, ఒకరు రియాక్ట్‌లో రాయాలి. పూర్తయ్యాక ఆ రెండింటినీ మూడో వ్యక్తికి ఇచ్చి ఒక మార్పు చేయమనండి. ఉదాహరణకు, ఒకే లారీలో ఒకే రైతు తేజ రకం కొన్ని టిక్కీలు, 334 రకం కొన్ని తెచ్చాడు, రెండూ వేర్వేరు ఛాంబర్లకు వెళ్లాలి, రసీదు మాత్రం ఒకటే కావాలి. రాసినవాళ్లను అడక్కుండా ఆ మార్పు ఏ కోడులో సులువుగా చేయగలిగారో దాన్ని తీసుకోండి. మొదటిసారి ఎంత త్వరగా రాశారన్నది లెక్కలోకి రాదు, ఎందుకంటే మీరు బతకబోయేది మార్పులతోనే.

అద్దె లెక్కను ఏ కాంపోనెంట్‌లోనూ పెట్టకండి. ఒక మామూలు ఫైలు. అందులో ఏ లైబ్రరీ పేరూ కనిపించకూడదు. టిక్కీలు, రకం, తేదీలు లోపలికి వెళ్తాయి, మొత్తం బయటికి వస్తుంది. దానికి పరీక్షలు రాయండి. టైప్‌స్క్రిప్ట్ (విలువల రకాలు ముందే చెప్పి రాసే జావాస్క్రిప్ట్) గురించి కూడా అడిగారు కదా, మొదట ఈ ఫైలుతోనే మొదలుపెట్టండి, మిగతావి నెమ్మదిగా. సర్వర్ మీద మాత్రం లెక్క మళ్లీ కట్టి సరిచూడాల్సిందే, బ్రౌజర్ పంపిన మొత్తాన్ని నమ్మకూడదు.

మార్పు ఒక్కో తెర చొప్పున జరగాలి. మొదట సరుకు నమోదు, ఒక సీజను దాన్ని నడపనివ్వండి. మిగతావి జేక్వెరీలోనే ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త. ఒకే మూలకాన్ని జేక్వెరీ, వ్యూ రెండూ ముట్టుకోకూడదు. మీ దగ్గర రైతు పేరు ఎంచుకునే పెట్టెకు సెలెక్ట్2 అనే జేక్వెరీ పరికరం ఉంది. అది తన సొంత మూలకాలను చేర్చుకుంటుంది. వ్యూ తెరను తిరిగి తయారుచేసినప్పుడు వాటి సంగతి దానికి తెలియదు, ఎంచుకున్న పేరు మాయమవుతుంది. ఆ పెట్టెను ఒక చిన్న వ్యూ కాంపోనెంట్‌లో చుట్టి, పుట్టినప్పుడు సెలెక్ట్2ను తగిలించి, పోయేటప్పుడు విప్పేయాలి. లేదంటే ఆ తెర వరకు సెలెక్ట్2ను తీసేసి బ్రౌజర్ ఇచ్చే డేటాలిస్ట్‌తో (కొడుతుంటే పేర్లు సూచించే జాబితాతో) సరిపెట్టుకోవాలి. వేల మంది రైతులున్న గిడ్డంగికి డేటాలిస్ట్ చాలదు, కొన్ని వందల మందైతే చాలు.

రసీదు ముద్రణ గురించి మీరు అడగలేదు గానీ, ఇలాంటి మార్పులో మొదట ఫిర్యాదు వచ్చేది అక్కడి నుంచే. దాన్ని వ్యూ తెర నుంచి ముద్రించకండి. నమోదు భద్రపరచిన తర్వాత రసీదును పీహెచ్‌పీ నుంచే విడి పేజీగా పంపి, ముద్రణకు వేరే సీఎస్ఎస్ పెట్టండి. గిడ్డంగిలో ఉన్నది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరా, లేజరా, కాగితం వెడల్పు ఎంత అన్నది రాస్తే, ఆ సీఎస్ఎస్ ఎలా ఉండాలో చెప్తాను.